పక్క సీటు

అద్దం మీద నల్లటి చుక్క ఒకటి పడింది. దాని వెనకే ఇంకోటి. చూస్తుండగానే అద్దమంతా ఆయిల్ పారి, ఎదురుగా ఆకాశం కనిపించకుండా పోయింది.

"జూకే, ఇది వాన కాదు కదా," అన్నాడు పైలట్ ఎర్మెక్.

పక్క సీట్లో ఉన్న మెకానిక్ జుమగలి ముందుకు వంగి మీటర్లు చూశాడు. విమాన స్థావరంలో చిన్నా పెద్దా అంతా గౌరవంగా జూకే అని పిలిచేది ఆయన్నే. ఆయిల్ ప్రెషర్ ముల్లు సున్నా వైపు జారిపోతోంది. నిన్న ఆ ఇంజన్ని విప్పి బిగించింది ఆయన చేతులే.

ఆయిల్ లేని ఇంజన్ ఎంతసేపని తిరుగుతుంది? దడదడలాడింది, లోపల ఏదో విరిగినట్టు చప్పుడు చేసింది, ఆగిపోయింది. ప్రొపెల్లర్ అడ్డంగా బిగుసుకుపోయింది. ఇక వినిపిస్తున్నదల్లా రెక్కల మధ్య తీగల్లో గాలి వేసే ఈల. కింద బెత్పక్ దలా మైదానం. ఎటు చూసినా గుడారం లేదు, గొర్రె లేదు, మనిషి అసలే లేడు. అక్కడ పడి చస్తే రాబందులకైనా కబురు ఆలస్యంగానే అందుతుంది.

ఆ స్థావరంలో ఓ ఆనవాయితీ ఉంది. ఇంజన్ మీద చెయ్యి వేసినవాడు ఆ తర్వాతి ప్రయాణంలో పైలట్ పక్కన కూర్చుని తీరాలి. తన పనికి తన ప్రాణమే పూచీ. రెండో పైలట్ ఉద్యోగాన్ని పైవాళ్లు ఎత్తేశాక ఆ సీటు ఎలాగూ ఖాళీయే. చలికాలం నుంచి ఈ ముసలి విమానంలో ఏదో ఒక చిన్న లోపం బయటపడుతూనే ఉంది. ఒకసారి వైరు వదులు, ఇంకోసారి గొట్టం కారడం. జుమగలి బాగుచేయడం, ఎక్కి కూర్చోవడం. దారి పొడుగునా ఎర్మెక్ వేళాకోళం: మీ బరువు మొయ్యలేక నా పెట్రోలు అయిపోతోందనీ, మీ గురక ముందు ఇంజన్ మోత ఏపాటిదనీ. జుమగలి పైకి నవ్వేవాడు. లోపల మాత్రం కుమిలిపోయేవాడు. ఇన్నేళ్లుగా మచ్చపడని చేతులకు ఇప్పుడేమొచ్చిందని.

ఇప్పుడు ఎర్మెక్‌కి నేల తప్ప మరో ధ్యాస లేదు. పక్క కిటికీలోంచి తల బయటపెట్టి, ఎండి బీటలు వారిన మట్టినేల ఒకటి చూసుకుని, విమానాన్ని అటు దించాడు. చక్రాలు నేలకు కొట్టుకున్నాయి. వెనక, ఊళ్లకు చేరవేస్తున్న మందుల పెట్టెలన్నీ ఒకదాని మీదొకటి పడ్డాయి. విమానం గెంతి, ఊగి, ఓ ముళ్లపొద ముందు ఆగింది. ఇద్దరికీ చిన్న గీత కూడా పడలేదు.

జుమగలి దిగీదిగగానే చక్రమెక్కి ఇంజన్ మూత తెరిచాడు. ఆయిల్ గొట్టం మర వేలితో తిప్పితే తిరిగిపోతోంది. అది వదులు కాకుండా కట్టే సన్నటి తీగ అక్కడ లేదు. తెగిన ముక్క కూడా లేదు. అంటే అసలు కట్టనే లేదన్నమాట. తీగ మెలితిప్పినట్టు ఆయన వేళ్లకు గుర్తుంది. అయితే ఆ గుర్తు నిన్నటిదో, పోయిన నెలదో ఎవరు చెప్పొచ్చారు? చేసే పని రోజూ అదే.

"తీగ కట్టడం మర్చిపోయానురా," అన్నాడు.

ఎర్మెక్ రెక్క నీడలో కూలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది. ఎండు పెరుగు ఉండ ఒకటి నోట్లో వేసుకున్నాడు గాని నమలడం లేదు. తిడతాడని చూశాడు జుమగలి. తిట్టలేదు.

"నోరు పడిపోయిందా? నాలుగు తిట్లు తిట్టు."

"టీ తాగండి జూకే," అని ఫ్లాస్కు మూత నిండా పోసి ఇచ్చాడు ఎర్మెక్.

ఆ మర్యాద తిట్టుకన్నా ఎక్కువగా గుచ్చుకుంది. జుమగలికి ఏడుపొచ్చింది. షెడ్డు మూల మంచం, కిరోసిన్ పొయ్యి, ఈ పని. ఇంతకుమించి లోకంలో ఆయనకంటూ ఏమీ లేదు. పని పోతే మంచమూ పోతుంది. పొద్దున లేచి ఎవరి ముఖం చూడాలో కూడా తెలియదు. కానీ ఈరోజంటే ఇద్దరూ బతికిపోయారు, రేపు ఎర్మెక్ బతకొద్దూ? చేతుల మీద నమ్మకం పోయాక పానా పట్టుకోవడం పాపం.

ఆయన లోపలికెక్కి రేడియో పట్టుకున్నాడు. స్థావరం పలికింది. ఇద్దరూ క్షేమమేనని విని, జీపు పంపుతున్నామంది. ఇంజన్ ఎందుకు ఆగిందో చెబితే రాసుకుంటామంది.

"రాసుకో. తప్పు మెకానిక్‌ది. రేపటి నుంచి నేను..."

వెనకే ఎక్కొచ్చిన ఎర్మెక్ చెయ్యి చాచి రేడియో కట్టేశాడు.

"ఏంట్రా ఇది? నా మీద జాలా?" అన్నాడు జుమగలి. "నేను బిగించిన ఇంజన్‌తో నువ్వు ఇంకెప్పుడూ పైకెళ్లకూడదు. పక్కకి జరుగు."

"మీరు తీగ కట్టారు."

"నువ్వు చూశావా?"

"చూశాను." ఎర్మెక్ తలెత్తలేదు. "పొద్దున దాన్ని తీసేసి, మర కాస్త వదులు చేసింది నేనే జూకే. చలికాలం నుంచి చేస్తున్నట్టే. సాయంత్రానికి కొంచెం ఆయిల్ కారితే చాలనుకున్నాను... మీరు మళ్లీ బాగుచేస్తారు, రేపు కూడా ఆ పక్క సీట్లో ఒక మనిషి ఉంటాడని."