మాట్లాడే మరుగుదొడ్డి

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు: మంచం మీద మామ్మ వీరవేణమ్మ, ఆమెకు జ్వరం సూదులు వేస్తున్న ఊరి డాక్టరు సత్తిబాబు, వంటింటి గుమ్మంలో మనవరాలు హిమజ. మరుగుదొడ్డిని కూడా మనిషి కింద లెక్కేస్తే నలుగురు. ఆ కాలానికి అన్ని ఇళ్లలోనూ మాట్లాడే మరుగుదొడ్లే. మూత్రం చూసి ఒంటి సంగతి పైకి చెప్పేవి.

"మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి, ఆ యాంటీబయాటిక్ సూది ఆపండి" అని ముందురోజు అది వీధంతా వినేలా చెప్పింది. అప్పటినుంచి మామ్మ చెరుకుతోటలోకే వెళ్తోంది. సూది మాత్రం మానలేదు.

సత్తిబాబు సూదిలోకి మందు ఎక్కిస్తుంటే, బయటివాళ్ల ముందు నోరు విప్పని హిమజ వచ్చి అడ్డంగా నిలబడింది.

"వద్దండి. మరుగుదొడ్డి మళ్లీ చేసే పరీక్ష చూసి, పట్నం డాక్టరుగారు వేరే మందిస్తారు."

"ఓసినీ, ఈ పిల్లకి మాటలొచ్చే! జ్వరం తగ్గిందా లేదా?"

"తగ్గిందండి. కాళ్లే వాచాయి, చూడండి."

సత్తిబాబు వంగి చూశాడు. సూది పెట్టెలో పెట్టేశాడు.

"నేను చచ్చినా దాంట్లోకి వెళ్లను. నా ఉచ్చ కబుర్లు ఊరంతా వినాలా?" అంది మామ్మ.

"దాని నోరు కట్టేశాను మామ్మా. ఇక నా చేతి గడియారానికే చెబుతుంది."

"నీకు మాత్రం ఎందుకే?"

"నీ కాళ్ల వాపు కనిపెట్టింది నేనేగా!"

మామ్మ గొణుక్కుంటూ లేచింది. హిమజ చెయ్యి పట్టుకుని మరుగుదొడ్డి దాకా నడిపించి, వెనకే తనూ లోపలికి రాబోయింది.

"ఇంకా ఎక్కడికే, సిగ్గులేనిదానా!" అని మామ్మ ఆమె ముఖం మీదే తలుపు వేసుకుంది.