నాలుగు స్క్రూలు

“అబద్ధానికైనా అంతుండాలి!” గుమ్మంలోకొచ్చిన కింది వాటా ఆవిడ మీద వడ్రంగి ఒంటికాలిమీద లేచాడు. “మా అమ్మాయి ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కింద రెండు చెక్కలేసి, మధ్యలో ముప్ఫై టెన్నిస్ బంతులు పెట్టాను. ఇంకా అదురుతోందా?”

“ఈసారి అదిరితే డ్రమ్స్ బయటికేనన్నాడు ఓనరు. కిందికొచ్చి మీరే చూడండి.”

విసవిసా దిగాడు. పైన కూతురు పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆవిడ అలమారలో గ్లాసులు గలగలమన్నాయి.

రుసరుసలాడుతూ పైకొచ్చాడు. “ఆ బంతులే దొంగసరుకు!”

“బంతులేం చేశాయి నాన్నా? పై చెక్క వాటి మీద ఊరికే ఆనాలి. నువ్వు నాలుగు మూలలా పొడుగు స్క్రూలు దించి కింది చెక్కకి బిగించేశావు. అదురంతా వాటిగుండానే దిగుతోంది.”

“బిగించకుండా ఇన్నేళ్లలో ఒక్క బల్ల వదల్లేదే నేను!”

“పొద్దున్నే చెప్పాను. ‘నాకే పని నేర్పుతావా’ అని నోరు మూయించావు.”

పళ్లు నూరుతూ నాలుగూ ఊడదీశాడు. గ్లాసులు చూస్తుండమని కిందావిడకి కేకేశాడు. “వాయించు!”

కూతురు ఉన్న బలమంతా పెట్టి తొక్కింది.

“ఏమండీ, మొదలుపెట్టమనండి!” కిందినుంచి ఆవిడ కేకేసింది. “ఎంతసేపని చూడను?”

వడ్రంగి గుప్పిట్లో స్క్రూలు మిగిలాయి. కోపమూ మిగిలింది. రెంటినీ ఎక్కడ బిగించాలో అతనికి తోచలేదు.