పొట్టు మీద వాంతి

నాలుగో రోజు కూడా కక్కి పెట్టాడు.

పెరటి తలుపు తీసిన నాగమణి గడప మీదే ఆగిపోయింది. ఆ ఏడాది కిరసనాయిలు దొరక్క ఊరంతా పొట్టు పొయ్యిలే. తన పొయ్యి కోసం పెరట్లో పోయించుకున్న రంపపు పొట్టు గుట్ట మీద, పసుపు రంగులో, నురగ నురగగా, చారెడు ముద్ద. పప్పన్నం తిని అరక్కుండానే కక్కినట్టుంది. చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించింది. చేతులు మూడుసార్లు కడుక్కుంది. అయినా టీ తాగకుండానే పక్కన పెట్టేసింది.

కక్కింది ఎవరని అడగాల్సిన పని లేదు. ఆ పెరడు వాళ్లొక్కరిదే. అందులోంచి వచ్చిపోయే మగవాడు మొగుడు గవర్రాజొక్కడే. పోర్టులో కలాసీ. రెండో షిఫ్టు దిగి వచ్చి వీధి తలుపు కొడితే పిల్ల లేస్తుందని పెరటి దారినే, తలుపు సందులోంచి గడియ తీసుకుని వస్తాడు. అప్పటికి నాగమణి గాఢనిద్రలో ఉంటుంది.

పదకొండు నెలల కిందట పిల్ల నెత్తిన చెయ్యేసి సారా మానేశాడు. “మళ్లీ ముట్టుకున్నావంటే పిల్లనెత్తుకుని ఆనందపురం మా అన్న దగ్గరకి ఎల్లిపోతాను. మరి నా మొకం సూడవు,” అని నాగమణి ఆ రోజే తెగేసి చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషని గవర్రాజుకి తెలుసు. పదకొండు నెలలూ ఇల్లు ఇల్లులా ఉంది. శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. వాటితో పాటే ఈ రోత మొదలైంది.

మొదటి రోజు అడిగితే, “ఏటి, నాను కక్కడమేటి?” అని తెల్లమొహం వేశాడు. రెండో రోజు నవ్వాడు. మూడో రోజు కోపం తెచ్చుకున్నాడు. ఈ మూడు వేషాలూ నాగమణి తాగే రోజుల్లో చూసినవే. దగ్గరికెళ్లి నోరు వాసన చూసింది. ఏమీ రాలేదు. ఏలకులు నమిలి ఉంటాడనుకుంది. ఆ ముద్దకీ సారా కంపు లేదు. వాన కడిగేసి ఉంటుందనుకుంది. పైగా ఈ మహానుభావుడు ఒక చోట కక్కి ఊరుకోడు. ఒక రోజు గుట్ట అంచున, ఒక రోజు నడుమన, ఇవాళ ఏకంగా నెత్తిన.

నిద్ర లేచిన మొగుణ్ణి చెయ్యి పట్టుకుని గుట్ట దగ్గరికి లాక్కెళ్లింది. నీళ్లు పోసినా పసుప్పచ్చటి చార మిగిలే ఉంది.

“ఇదేటి?”

“నాకేటి తెలుసు. ఏ కుక్కో కక్కుంటాది.”

“ఇంతెత్తు గోడ. తలుపుకి గడియ. కుక్క ఎగిరొచ్చిందేటి?”

“నాను తాగనేదే నాగా. పిల్ల మీద ఒట్టు.”

పిల్ల పేరు ఎత్తేసరికి ఆ ముద్ద కన్నా ఈ మనిషే ఎక్కువ అసహ్యం పుట్టించాడు. “ఇంకోపాలి పిల్ల మీద ఒట్టెట్టావంటే ఆ కక్కు ఎత్తి నీ నోట్లోనే కుక్కుతాను. తాగుబోతు సచ్చినోడా,” అంది. పక్క వాటాల తలుపులు ఓరగా తెరుచుకున్నాయి. వాళ్లకి వినబడాలనే ఇంకోసారి అంది.

గవర్రాజు లోపలికి వెళ్లాడు. చొక్కా తగిలించుకుని, చద్దన్నం ముట్టకుండా బయటికి నడిచాడు.

నాగమణి ఆనందపురం బస్సు కండక్టరుతో కబురు పంపింది. మధ్యాహ్నానికల్లా అన్న దొరబాబు దిగాడు. నెమ్మదస్తుడు. బావంటే గురి ఉన్నవాడు.

“తొందరపడకే సెల్లీ. బావ ఒట్టేసి తప్పే మనిషి కాదు. రానీ, నాను అడుగుతాను,” అన్నాడు.

అడిగే అవసరం రాలేదు. మూడు గంటలకి గవర్రాజు డ్యూటీ ఎగ్గొట్టి, గోడలు పట్టుకుంటూ వచ్చాడు. గుమ్మం ముందే భళ్లున కక్కాడు. ఈసారి సారా కంపు సందు చివరిదాకా కొట్టింది. మూతి తుడుచుకుని, పెళ్లాం వైపు చెయ్యి చాపి, “ఇప్పుడు సూడే. బాగా సూడు,” అని అరుగు మీద వెల్లకిలా పడిపోయాడు.

దొరబాబు తల దించుకున్నాడు. “పద,” అన్నాడు.

నాగమణి పెట్టె సర్దుకుంది. ఏడుపొచ్చింది. కానీ తన మాటే నిజమైందన్న తృప్తి ఆ ఏడుపుని ఆపేసింది. పిల్లని చంకనేసుకుని, మొగుడి వైపు చూడకుండా, కక్కు తొక్కకుండా దాటుకుని రిక్షా ఎక్కింది.

రిక్షా కదలబోతుంటే గులాబ్ అడ్డొచ్చింది. సందు మొదట్లో వడ్రంగి షెడ్డు నడిపే హుస్సేన్ బాషా కూతురు. నాగమణి ఇంటికి పొట్టు వచ్చేది ఆ షెడ్డు నుంచే. గులాబ్ బీఎస్సీ చదువుతోంది. చేతిలో మూత బిగించిన గాజు సీసా ఉంది.

“ఊరెల్తన్నావా అక్కా? ఎల్లేముందు ఈ సీసాలో దీనికెయ్యడానికి మీ పెరట్లో పొట్టు కాస్త తీసుకోమంటావా? మా షెడ్డులోది అయిపోయింది. కాలేజీలో దీని కోసం పెద్ద గొడవ. ఇది మొక్క, మాదంటారు బోటనీ మేడమ్. జంతువు, మాదంటారు జువాలజీ సార్.” సీసా పైకెత్తి చూపించింది.

లోపల తడి పొట్టు మీద పసుప్పచ్చటి నురగ ముద్ద. నాగమణి వెనక్కి జరిగింది. చెంగుతో పిల్ల మొహం కప్పింది.

“ఛీ. కక్కుని సీసాలో ఎట్టుకుని తిరుగుతన్నావేటే?”

“కక్కు కాదక్కా,” నవ్వింది గులాబ్, “వానకి తడిసిన పొట్టులోంచి తనంతట తనే పాకి పైకొచ్చే బూజులాంటి ప్రాణి ఇది, ఎన్ని నీళ్లు పోసి కడిగినా తెల్లారేసరికి ఇంకో చోట లేస్తాది.”