బంక పూసిన రథం ముగ్గు

బీరపందిరి మీద పోగులమ్మ అనే పడుచు సాలీడు ఉండేది. అది గూడు అల్లడం మొదలుపెడితే సూర్యుడు జాముసేపు నోరు తెరుచుకుని నిలబడిపోయేవాడు. అనుమానముంటే సూర్యుణ్ణే అడగండి!

దారాలకు బంక పూస్తే అందం చెడుతుందని దాని నమ్మకం. ఒట్టి దారాలతోనే స్వర్గలోకమంతా అదిరిపోయేలా రథం ముగ్గు అల్లింది. దోమలు వచ్చాయి, కాసేపు ఊగాయి, రెక్కలు దులుపుకుని పోయాయి. పోగులమ్మ పొట్ట వీపుకంటుకుంది. ఒంట్లో ఇంకొక్క గూటికి సరిపడా దారమే మిగిలింది.

"ఏమే, చూసిపోయే దోమ కడుపు నింపుతుందా? బంక పుయ్యవే!" అంది పక్క గూటి అమ్మమ్మ.

"ముగ్గు మాననే అమ్మమ్మా!"

"మానమన్నానా? బతికుంటేనే కదే అల్లేది!"

పోగులమ్మ మళ్లీ రథం ముగ్గే అల్లింది. ఈసారి ఏడుపు మొహంతో వరసవరసకీ బంక పూసింది.

తెల్లారేసరికి ఏనుగంత ఈగ చిక్కింది. అంతేనా! ఒట్టి దారాల మీద ఎన్నడూ ఇలా నిలవని మంచు, బంక మీద పూసపూసగా నిలిచింది. రథం మొత్తం ధగధగలాడింది.

అమ్మమ్మ నోరెళ్లబెట్టింది. "నా గూటికీ ఆ బంకే కదే! ఇలా మెరవదేం?"

"ముగ్గు నేర్పుతాలే అమ్మమ్మా," అంది పోగులమ్మ, "ముందు ఈ ఈగను తిననీ."