పెద్దాయన సవరణ

బిల్లు వెనక్కి వచ్చింది.

దిగువ సభలో మూడు వందల మంది బల్లలు చరిచి గెలిపించిన బిల్లు అది. మురుగు గుంటలో దిగి మనిషి చనిపోతే, అతని ఇంట్లో ఒకరికి ప్రభుత్వం ఉద్యోగం ఇవ్వాలి. కొత్త సభ్యుడు తన పేరుతో పెట్టిన మొదటి బిల్లు.

ఎగువ సభ దానికొక సవరణ తగిలించి తిప్పి పంపింది.

ఎవరు పెట్టారని కొత్త సభ్యుడు అడిగాడు. అక్కడ అందరూ పెద్దాయన అని పిలిచే సభ్యుడు పెట్టారు, సభంతా ఒప్పుకుంది అన్నారు.

కొత్త సభ్యుడు ఆ కాగితాన్ని బల్లమీద విసిరికొట్టాడు.

అసలే ఆయనంటే గిట్టదు. తను చెప్పులరిగేలా గడప గడపా తిరిగి, దండాలు పెట్టి, నాలుగు వందల ఓట్ల తేడాతో గట్టెక్కాడు. ఆయనేమో నామినేట్ చేస్తే నడిచొచ్చి కూర్చున్నాడు. తనకు ఐదేళ్లు, అదీ సభ మధ్యలో రద్దు కాకపోతే. ఆయనకు ఆరేళ్లు, ఎవరూ కదపలేరు. తను నోరు తెరిస్తే మూడో నిమిషానికే గంట కొడతారు. ఆయన లేస్తే సభంతా చెవులు రిక్కిస్తుంది. క్యాంటీన్‌లో మంత్రులు కూడా ఆయనకు కుర్చీ జరుపుతారు.

ఏ జడ్జిగారో, ప్రొఫెసరో అయ్యుంటాడనుకున్నాడు. ఎవరినీ అడగలేదు. అడిగితే పొగడ్తలు వినాల్సొస్తుంది.

రెండు సభల మధ్య నడవాలో పెద్దాయనను పట్టుకున్నాడు.

హాజరు పట్టీలో పేరున్నవాడికే వర్తిస్తుందని బిల్లులో ఉందనీ, ఆ ఒక్క ముక్క తీసేయమన్నాననీ పెద్దాయన నెమ్మదిగా చెప్పాడు.

"పేరు అక్కర్లేదంటే ఎవరు పడితే వాళ్లొచ్చి మావాడే అంటారండీ."

"దిగేవాళ్లలో చాలామంది పేర్లు ఎవరూ రాయరు బాబూ."

"మీకెలా తెలుసు? ఒక్క గడపైనా తొక్కి ఓటడిగారా ఎప్పుడైనా?"

"లేదు," అన్నాడు పెద్దాయన. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు.

ఆ ఆగడం కూడా గర్వంలాగే కనిపించింది.

సవరణలో న్యాయముందేమో అని ఒక్క క్షణం అనిపించకపోలేదు. కానీ ఒప్పుకుంటే చట్టం ఆయనదైపోతుంది. రేపు పేపర్లో ఆయన బొమ్మే పడుతుంది.

వారం పాటు సభ్యుల వెంట తిరిగాడు. జనం ముఖం చూడనివాళ్లు మనకు పాఠాలు చెప్పడమేమిటని ఎగదోశాడు. సవరణ వీగిపోయింది. దిగువ సభ రెండోసారీ అదే మాట మీద నిలబడితే ఎగువ సభ తలొగ్గాల్సిందే. చట్టమైంది. మెడలో దండలు పడ్డాయి.

ఆ ఏడాదే పెద్దాయన పదవీకాలం ముగిసింది. వీడ్కోలుకు కొత్త సభ్యుడు వెళ్లలేదు.

మరుసటి ఏడు ఒకావిడ అతని ఆఫీసుకు వచ్చింది. భర్త గుంటలో దిగి మళ్లీ పైకి రాలేదంది.

"పట్టీలో పేరుందామ్మా?"

"పొద్దున్నే బండెక్కించుకుని పోయేవాళ్లు సార్. పేరెవరు రాస్తారు?"

తన చట్టాన్ని తనే నాలుగుసార్లు తిరగేశాడు. ఆమెకు పనికొచ్చే వాక్యం ఒక్కటీ దొరకలేదు.

కొత్త సవరణ ఎలా రాయాలో పెద్దాయననే అడుగుదామని, సిగ్గు చంపుకుని, అడ్రసు కోసం ఎగువ సభ కార్యాలయానికి వెళ్లాడు.

"ఆయన పోయి రెండు నెలలైందండీ," అన్నాడు గుమాస్తా.

ఇంతకీ సభకు రాకముందు ఆయన ఏం చేసేవారని కొత్త సభ్యుడు అడిగాడు.

గుమాస్తా సభ్యుల రిజిస్టరు తెరిచి ఇటు తిప్పాడు.

వృత్తి అన్నచోట, కుదురులేని అక్షరాలతో పెద్దాయన సొంత చేత్తో రాసుకున్నాడు: మురుగు గుంటలు దిగి శుభ్రం చేయడం, ముప్పై ఏళ్లు.