ఏ రకమూ కాని వంటమనిషి

సీరియల్లో ఒక పాత్రకి సోమవారంతో నూకలు చెల్లాలి. అది ఎవరన్నది విశ్లేషకుడు ఈ సాయంత్రంలోగా తేల్చాలి.

టీవీ సంస్థలో ఆయన పనే అది. ప్రేక్షకులను కొందరిని పోగేసి, సన్నివేశాలు వేసి చూపించి, ఏ పాత్ర ఏ రకం మనిషో వాళ్లచేతే చెప్పిస్తాడు. ఎవరికీ ఏ రకమో అంతుపట్టని పాత్రకి ఉద్వాసన. పోయినసారి అంచనా తప్పి తాతగారిని చంపించాడు. చూసేవాళ్లలో సగంమంది ఆ తాతగారితోపాటే వెళ్లిపోయారు. ఈసారి తప్పితే ఉద్వాసన ఆయనకేనని పైవాళ్లు నవ్వుతూనే చెప్పారు.

అయినా ఆయనకి ధీమా. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెడతానని తన గురించి తనే చెప్పుకుంటాడు. గదిలోకి వచ్చినవాళ్లను వచ్చినట్టే తూచేశాడు. బట్టతలాయన వాదించే రకం. కవల అక్కచెల్లెళ్లు, ఒకరు తలూపితే రెండోవారు ఊపే రకం. మూల కుర్చీలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావిడ గడప దాటని, అబద్ధం చేతకాని ఇల్లాలు. పిలిచినవాళ్లకంటే ఒకరు ఎక్కువే కనబడ్డారు. ఊరికే భోజనం పెడుతున్నప్పుడు అది మామూలేననుకుని ఇంకో కుర్చీ వేయించాడు.

సన్నివేశాలు నడిచాయి. అత్తగారిది పెత్తనం రకమని అందరూ ఒక్కమాట మీద తేల్చారు. పెద్ద కోడలు పుల్లలు పెట్టే రకం. చిన్న కోడలు నంగనాచి. మామగారికి నోట్లో నాలుక లేదు. ఇక వంటమనిషి మిగిలింది. మూడేళ్లుగా టీ ట్రే పట్టుకొచ్చి, అందరికీ ఇచ్చి, వెళ్లిపోయే మనిషి.

"ఆవిడ ఏ రకమూ కాదండీ. కూరలో కరివేపాకు," అన్నాడు బట్టతలాయన.

కవలలు తలూపారు. విశ్లేషకుడు పెన్ను తీశాడు.

"ఆ ఇంట్లో అన్నీ తెలిసింది ఆవిడొక్కదానికే," అంది మూల కుర్చీలో ఆవిడ.

అందరూ అటు తిరిగారు. ఆవిడ గొంతు పెంచలేదు. "పెద్ద కోడలు అబద్ధం చెప్పినప్పుడల్లా వంటమనిషి ట్రే కింద పెట్టేస్తుంది. నిజం చెబితే పట్టుకునే ఉంటుంది. కావాలంటే మళ్లీ వేసి చూడండి."

వేశారు. మనుషుల్ని వదిలేసి అందరూ ట్రే వంకే చూశారు. ఒక్కచోట కూడా తప్పలేదు. బట్టతలాయన కుర్చీ అంచుకు జరిగి, ఇది అన్నీ కడుపులో దాచుకునే రకమని, నోరు విప్పిన రోజున ఆ ఇంటిల్లిపాదికీ మూడినట్టేనని ప్రకటించాడు. కవలలు ఈసారి మరింత గట్టిగా తలూపారు.

విశ్లేషకుడికి ప్రాణం లేచొచ్చింది. రచయితకి ఫోన్ చేశాడు. ట్రే సంగతి తను రాసినట్టు రచయితకి గుర్తులేదు. అయినా అదంతా మొదటినుంచీ తన పథకమేనన్నాడు. పైవాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. సోమవారం నుంచి కథంతా వంటమనిషి చుట్టూ తిరుగుతుంది. పోయేది నోట్లో నాలుక లేని మామగారు.

వెళ్లబోతున్న ఆవిడని విశ్లేషకుడు లిఫ్ట్ దాకా సాగనంపాడు. మనుషుల్ని ఇలా చదవడం ఎక్కడ నేర్చుకున్నారమ్మా అని అడిగాడు.

"నన్నెవరూ పట్టించుకోరు కదండీ. చూస్తూ ఉండడమే నా పని," అందావిడ.

ఇల్లాళ్ల బతుకులు ఇంతే కదా అని ఆయన మనసు చివుక్కుమంది.

గదికి తిరిగొచ్చాక, ఇంత లోతున్న వంటమనిషి మొహం ఎలా ఉంటుందో చూద్దామనిపించి, పొద్దుటినుంచీ తిప్పితిప్పి వేసిన సన్నివేశాన్నే మళ్లీ వేసి, ఈసారి ట్రేకి కాస్త పైన చూపు నిలిపి బొమ్మ ఆపితే, తెర మీదున్నది మూల కుర్చీలో ఆవిడే.