మెటలేశ్వరరావు ఆఖరి ఫొటో

ఫ్లాష్ వాడకూడదు. మొదటి మూడు పాటల్లోనే ఫొటోలు తీయాలి. నాలుగో పాట మొదలయ్యేసరికి పిట్‌లోంచి బయటికి నడవాలి.

మల్లేశ్వరరావుకు ఈ మూడు సూత్రాలూ పెళ్లి మంత్రాలకంటే బాగా గుర్తు. పిట్ అంటే స్టేజీకీ కంచెకీ మధ్య ఫొటోలు తీసేవాళ్లకు వదిలే నాలుగడుగుల సందు.

“యాభై రెండేళ్లొచ్చి కోరి గోతిలో దిగే మనిషిని మిమ్మల్నే చూశాను,” అంటుంది ఆయన భార్య చౌడేశ్వరమ్మ.

ఇల్లు మంగళగిరిలో, చీరల కొట్టు విజయవాడలో. పగలంతా నేతచీరల మధ్య మెత్తగా మాట్లాడే ఈ మనిషి, హెవీ మెటల్ కచేరీ ఎక్కడుంటే అక్కడ నల్ల టీషర్టులో, మెడలో కెమెరాతో తేలతాడు. గుమస్తాలు చాటుగా మెటలేశ్వరరావుగారంటారు. హెవీ మెటల్ అంటే స్టీలు సామాన్ల ఎగ్జిబిషననుకుని మొదటిసారి చౌడేశ్వరమ్మ కూడా బయల్దేరింది. తిరిగొచ్చాక రెండు రోజులు చెవుల్లో దూది తియ్యలేదు.

ఆయన అభిమాన బృందం పేరు ‘ఉక్కపోత’. అందరూ విజయవాడ కుర్రాళ్లే. ఉక్కు సంగీతం, ఉక్క ఊరు. ఇంతకంటే మంచి పేరు దొరకదు. అందులో పాడేవాడు విశ్వేశ్వర్. గొంతుతో గాయాలు చేస్తాడు కాబట్టి నిజంగానే గాయకుడు. పాట మధ్యలో వాడు తల గిర్రున తిప్పితే, ఆ పొడవాటి జుట్టు వెనక లైట్ల ముందు నిండు చక్రంలా విచ్చుకుంటుంది. రెప్పపాటులో మాయమవుతుంది.

ఆ చక్రాన్ని ఫొటో తీయాలి. మల్లేశ్వరరావు కోరిక అంతే. నాలుగేళ్లుగా తీరలేదు.

ఒకసారి ఎవరిదో సెల్‌ఫోను అడ్డం. ఇంకోసారి జుట్టు మైకు స్టాండుకు చుట్టుకుంది. జుట్టు చిక్కింది గానీ ఫొటో చిక్కలేదు. బెంగళూరులో చక్రం నిండుగానే పడింది గానీ, ఫోకసు వెళ్లి డ్రమ్ములవాడి మంచినీళ్ల సీసా మీద కూర్చుంది.

“ఆ ఫొటో పడితే కెమెరా బీరువాలో పెట్టేస్తానని ఒట్టేశారు, గుర్తుందా?” అంది చౌడేశ్వరమ్మ, ఆ శనివారం ఉదయం.

“పడకపోయినా పెట్టేస్తానే. మోకాళ్లు ఒప్పుకోవట్లేదు. ఈ సాయంత్రందే ఆఖరు.”

చౌడేశ్వరమ్మ చేతిలో గరిటె ఆగింది. “పడకపోతే ఎట్లాగండీ? పడాల్సిందే.”

మల్లేశ్వరరావు తెల్లబోయాడు. దూది పెట్టుకున్న మనిషి అభిమాని ఎప్పుడయింది?

“ఆ అబ్బాయి జుట్టు ఎందాకా వచ్చింది?” అని అడిగింది.

“నడుము దాటింది.”

“కత్తెర పెట్టనివ్వకండి. రంగులవీ వెయ్యనివ్వకండి. ఇదిగో, గుంటగలగరాకు నూనె కాచాను. ఇచ్చి రండి.”

“ఎప్పుడూ వాడికేనా? నా తలకి ఒక్కసారన్నా నూనె కాచావుటే?”

“మీ తలకి నూనెందుకండీ, తడిగుడ్డ చాలదూ?”

కచేరీ మైలవరం దారిలో ఒక కాలేజీ మైదానంలో. స్టేజీ వెనక విశ్వేశ్వర్ సీసా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

“ఆంటీ నూనె మొదలెట్టాక ఒక్క వెంట్రుక రాల్లేదంకుల్. మా బ్యాండుకి ఉన్న ఆస్తి ఇదొక్కటే. వచ్చే నెల ముంబయి వాళ్లు పిలిచింది కూడా పాట విని కాదు, దీన్ని చూసి. ఇవాళ ఫొటో పడిందంటే మా ఆల్బం అట్ట మీద మీదే వేస్తాం.”

మల్లేశ్వరరావు కెమెరా అద్దం ఇంకోసారి తుడుచుకున్నాడు.

“ఆంటీకి మా పాటలంటే అంతిష్టమా అంకుల్?”

“పాటల సంగతి తెలియదు బాబూ. ఆశలన్నీ నీ తలమీదే పెట్టుకుంది.”

మొదటి పాటను పొగ మింగింది. రెండో పాటంతా గిటారువాడు అడ్డంగా నిలబడి వాయించాడు. ఇక మిగిలింది ఒక్కటే.

మల్లేశ్వరరావు మగ్గాల ఇంట్లో పుట్టి పెరిగాడు. మగ్గంలో పోగును లాక్కెళ్లే నాడె అటు వెళ్లిందంటే మళ్లీ ఇటు ఎప్పుడొస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఇన్నాళ్లూ జుట్టును చూసి నొక్కుతున్నాడు. చూసేలోపే అది దాటిపోతోంది. ఈసారి చూడటం మానేశాడు. డ్రమ్ము దెబ్బలు విన్నాడు. టక టక, అటు. టక టక, ఇటు. మూడో టక టక పడబోయే ముందే నొక్కేశాడు.

సెక్యూరిటీ స్టీఫెన్ వచ్చి భుజం తట్టాడు. “మూడూ అయిపోయినయ్ సార్. పదండి.”

మల్లేశ్వరరావు కెమెరా తెర వంక చూస్తూ కదల్లేదు.

“ఏడుస్తున్నారేంటి సార్?”

“పొగ,” అన్నాడు మల్లేశ్వరరావు.

మర్నాడు ఉదయం ఇంట్లో కంప్యూటరు మీద ఫొటో పెద్దది చేసి భార్యను పిలిచాడు. తెర నిండా చక్రం. ఎక్కడా తెగలేదు. ఒక్కో వెంట్రుకా జరీ పోగులా వెలుగుతోంది.

చౌడేశ్వరమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“మీరనుకున్నది ఇదేనా? మళ్లీ ఏదో వంక పెట్టరుగా?”

“ఇదే. ఇంక కెమెరా ముట్టుకుంటే ఒట్టు.”

ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. కిటికీ దగ్గరికెళ్లి, ఎదురుగా కనిపిస్తున్న కొండకేసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఇన్నేళ్లకి ఇంట్లో తన కళకు విలువ దొరికిందని మల్లేశ్వరరావు ఛాతీ పొంగింది.

“వచ్చే ఆదివారం విశ్వేశ్వర్‌ని కూడా కొండకి తీసుకురండి,” అంది చౌడేశ్వరమ్మ ఇటు తిరిగి. “ఈ ఫొటో మీకు పడితే తలనీలాలిస్తానని స్వామికి నాలుగేళ్ల కిందటే మొక్కుకున్నానండీ, ఆ అబ్బాయివి.”